అవతలి గొంతు వినబడని వేలంపాట

వేలంపాటలో పదిమంది ఒకచోట నిలబడతారు. ఒకరు అంకె చెబితే మిగతా తొమ్మిదిమందికీ వినిపిస్తుంది. పెంచినవాడెవడో కనిపిస్తుంది. వాడి మొహంలో బింకమెంతో, బెదురెంతో కూడా తెలిసిపోతుంది. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అనగానే పాట ముగుస్తుంది. ఆ తర్వాత ఎవరొచ్చి ఎంతిస్తానన్నా చెల్లదు.

ఇంగ్లండులో ఇల్లు కొనడమూ పాటే. కాకపోతే పాటలో ఉన్నవాళ్ళు ఒకరికొకరు కనబడరు, అవతలి అంకె వినబడదు, అసలు అవతల ఎవరైనా ఉన్నారో లేదో తెలియదు. మూడోసారి అనేశాక కూడా పాట మళ్ళీ మొదలవచ్చు. అందరి గొంతులూ వినే చెవులు ఒక్క ఎస్టేట్ ఏజెంటువే. ఆ చెవులకు కూలి ఇచ్చేది అమ్మేవాళ్ళు.

ఇల్లు చేజారినవాళ్ళంతా ఏజెంటును తిడతారు. లేని బేరగాణ్ణి పుట్టించాడంటారు, మన ఆఫరు ఓనరు దాకా పోనివ్వలేదంటారు. అలాంటివాళ్ళు లేరని నేననను. కానీ ఏజెంటు అబద్ధాలకోరు అన్నచోటే ఆగిపోతే తిట్టిన తృప్తి తప్ప చేతికేమీ రాదు. ఏజెంటు నిఖార్సయిన మనిషైనా సరే, ఈ పద్ధతిలో కొనేవాడు చీకట్లోనే ఉంటాడు. చట్టం అలా వదిలేసింది. ఆ చీకట్లో తడుముకోకుండా నడవడానికి అదే చట్టం రెండు మూడు ఊతకర్రలు కూడా ఇచ్చింది. మనవాళ్ళలో చాలామంది వాటి వైపు చూడనే చూడరు.

దానికి కారణం మన పాత అలవాట్లే. మన ఊళ్ళలో బ్రోకరు సాధారణంగా రెండు వైపులా కమిషను తీసుకుంటాడు, కాబట్టి సగం మనవాడే. ధర దగ్గర బేరం పడగానే బయానా చేతిలో పెట్టి అగ్రిమెంటు రాసుకుంటాం. ఆ తర్వాత అమ్మేవాడు మాట మారిస్తే అది పంచాయితీ. ఈ రెండు నమ్మకాలనూ సూట్‌కేసులో పెట్టుకుని ఇంగ్లండు వస్తాం. ఇక్కడ రెండూ చెల్లవు. ఏజెంటు పూర్తిగా అమ్మేవాళ్ళ మనిషి, మన దగ్గర పైసా తీసుకోడు, మనకు జవాబుదారీ కూడా అంతంతే. ఇక ఆఫరు ఒప్పుకున్నారంటే అది మర్యాద మాట మాత్రమే. ఇంగ్లండు, వేల్సుల్లో స్థిరాస్తి ఒప్పందమంటే కాగితం మీద రాసి ఇరుపక్షాలూ సంతకం చేసినదేనని 1989 నాటి చట్టం చెబుతోంది. ఆ సంతకాల కాగితాలు చేతులు మారే రోజునే ఎక్స్‌ఛేంజ్ అంటారు. ఆఫరు ఒప్పుకున్న రోజు నుంచి ఆ రోజు దాకా రెండు నెలలు పట్టొచ్చు, నాలుగు నెలలూ పట్టొచ్చు. అన్నాళ్ళూ ఎవరికీ ఏ కట్టుబాటూ లేదు.

ఏజెంటుకు ఏం కావాలో ముందు లెక్క వేసి చూద్దాం. కమిషను సాధారణంగా ధరలో ఒకటి నుంచి ఒకటిన్నర శాతం, దాని మీద 20 శాతం వ్యాట్. 4,00,000 పౌండ్ల ఇంటికి 1.2 శాతం చొప్పున 4,800. మీరు ఇంకో పది వేలు పెంచితే ఏజెన్సీకి అదనంగా వచ్చేది 120 పౌండ్లు. మీతో ఫోన్లో మాట్లాడే బ్రాంచి ఉద్యోగికి అందులో దక్కేది ఇంకా చిన్న ముక్క. బేరం చెడిపోతే మాత్రం 4,800 మొత్తం పోతుంది, నెలాఖరు టార్గెట్టూ పోతుంది. అంటే ఆయనకు కావలసింది పెద్ద ధర కాదు, తెగే బేరం. అమెరికాలో స్టీవెన్ లెవిట్, చాడ్ సైవర్సన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు షికాగో ప్రాంతంలోని దాదాపు లక్ష ఇళ్ళ అమ్మకాలను పరిశీలించి 2008లో ప్రచురించిన పరిశోధన ఈ సంగతినే బయటపెట్టింది. ఏజెంట్లు సొంత ఇల్లు అమ్ముకునేటప్పుడు తొమ్మిదిన్నర రోజులు ఎక్కువ ఆగారు, 3.7 శాతం ఎక్కువ ధర రాబట్టారు. పరాయి ఇంటికి అంత ఓపిక లేదన్నమాట. అక్కడి కమిషను పద్ధతి వేరే గానీ, గుణం ఒకటే.

కొనేవాళ్ళకు ఇందులో పనికొచ్చే ముక్క ఒకటుంది. ఏజెంటు ఓనరుకు ఫోను చేసి మాట్లాడేటప్పుడు, వెయ్యి ఎక్కువిచ్చే తిరకాసు బేరం కన్నా వెయ్యి తక్కువిచ్చే ఖాయం బేరానికే వంత పాడతాడు. కాబట్టి మీరు అమ్మాల్సింది మీ అంకెను ఒక్కదాన్నే కాదు, మీరు మధ్యలో జారిపోరన్న ధీమాను కూడా. చైన్ లేకపోవడం, అంటే మీరు ముందు వేరే ఇల్లు అమ్ముకుంటే తప్ప ఇది కొనలేని పరిస్థితి లేకపోవడం, చాలా పెద్ద బలం. అద్దెకుండే మనవాళ్ళలో చాలామందికి ఆ బలం ఉంటుంది. ఆఫరులో మొదటి వరుసలో చెప్పుకోవాల్సిన ఆ మాటను చాలామంది చెప్పనే చెప్పరు.

ఆ ఫోను

ఇప్పుడు అందరికీ తెలిసిన ఆ ఫోను సంగతి. ఆఫరు పెట్టిన మర్నాడు సాయంత్రం నాలుగున్నర, ఐదు మధ్య వస్తుంది. "మీ ఆఫరు ఓనరుకు చెప్పాం, సంతోషించారు. కాకపోతే ఈ ఇంటి మీద ఆసక్తి చాలా ఎక్కువగా ఉంది. ఇంకో పార్టీ బాగా గట్టిగా ఉన్నారు. మీరింకొంచెం చూడగలిగితే ఈ ఇల్లు మీదే అవుతుందని నాకనిపిస్తోంది."

ఒక్కో మాటా విప్పి చూడండి. ఆసక్తి అంటే ఆఫరు కాదు, శనివారం పదిమంది వచ్చి చూసి వెళ్ళినా ఆసక్తే. గట్టిగా ఉన్నారంటే అంకె చెప్పారని కాదు. ఇంకొంచెం అనడానికి కొలత లేదు. ఇల్లు మీదేనన్నది ఆయనకు అనిపించడమే తప్ప ఓనరు అన్న మాట కాదు. నాలుగు వాక్యాల్లో ఒక్క అబద్ధం లేదు, ఒక్క సమాచారమూ లేదు. మీరు మాత్రం ఫోను పెట్టేసి ఇంట్లోవాళ్ళతో "ఎవరో ఎక్కువ పెట్టారట" అంటారు. అలా అన్నది ఏజెంటు కాదు, మీరే.

ఇంత జాగ్రత్తగా మాట్లాడటానికి కారణం ఉంది. 1979 నాటి ఎస్టేట్ ఏజెంట్ల చట్టం కింద 1991లో వచ్చిన ఉత్తర్వు ప్రకారం, లేని ఆఫరు ఉందనడం, వేరే కొనుగోలుదారు ఉన్నాడని గానీ వాళ్ళ స్థితి గురించి గానీ తప్పుదోవ పట్టించడం నేరుగా నిషిద్ధం. అదే ఉత్తర్వు ఇంకో రెండు మాటలు చెబుతోంది. వచ్చిన ప్రతి ఆఫరునూ వెంటనే, రాతపూర్వకంగా ఓనరుకు అందించాలి. ఏజెన్సీ అమ్మే మార్ట్‌గేజ్ (ఇంటి లోను) లాంటి సేవలు వద్దన్నందుకు కొనేవాళ్ళ పట్ల వివక్ష చూపకూడదు. తప్పు చేసిన ఏజెంటును ఈ వృత్తిలోంచే నిషేధించే అధికారం వ్యాపారాల మీద కన్నేసి ఉంచే ట్రేడింగ్ స్టాండర్డ్స్ విభాగానికి ఉంది. ఏజెంటు కావడానికి మాత్రం ఇంగ్లండులో ఏ లైసెన్సూ, పరీక్షా అక్కర్లేదు. ఎవరైనా రేపు పొద్దున బోర్డు పెట్టుకోవచ్చు. పన్నుల శాఖ దగ్గర మనీ లాండరింగ్ కింద నమోదు చేసుకుని, రెండు ఫిర్యాదుల పథకాల్లో ఒకదాంట్లో చేరితే చాలు. తలుపులు బార్లా తీసి దొంగను మాత్రం కఠినంగా శిక్షిస్తామన్నట్టుంది వ్యవహారం.

ఆ ఫోనుకు జవాబు ఫోన్లో ఇవ్వకండి. "ఆలోచించి మెయిల్ చేస్తాను" అని పెట్టేయండి. ఆ మెయిల్లో మూడే ప్రశ్నలు. ఈ రోజుకు మా ఆఫరు కాక ఇంకో ఆఫరు ఓనరు ముందు ఉందా? అది మా అంకె కన్నా ఎక్కువా? వాళ్ళు చైన్‌లో ఉన్నారా, లోను తీసుకునేవాళ్ళా, రొక్కం పెట్టేవాళ్ళా? అవతలి అంకె ఎంతో చెప్పే బాధ్యత ఏజెంటుకు లేదు, ఓనరు చెప్పమంటే చెప్తారు, లేకపోతే లేదు. కానీ చెప్పిన మాట నిజమై తీరాలి. ఫోన్లో ధారాళంగా సాగిన గొంతు మెయిల్లో ఎంత పొదుపుగా మారుతుందో చూడండి. జవాబులో మళ్ళీ "ఆసక్తి చాలా ఉంది" అన్న మాటే వస్తే, ఇంకో ఆఫరు లేదనే లెక్క వేసుకుంటాను నేను. "అవును, మీకన్నా ఎక్కువ ఆఫరు ఉంది" అని రాసిస్తే, ఆ మాట నిజమేనని నమ్ముతాను. ఆ ఫిర్యాదుల పథకాల్లో ఒకటైన ప్రాపర్టీ అంబుడ్స్‌మన్ నియమావళికి కట్టుబడ్డ ఏజెంట్లు వచ్చిన ప్రతి ఆఫరుకూ తేదీ, సమయంతో చిట్టా రాసుకోవాలి. చిట్టాలో లేని ఆఫరును మెయిల్లో రాసిచ్చేంత తెగువ చాలామందికి ఉండదు.

మీ నోరు కూడా అదుపులో ఉండాలి. ఇల్లు చూపిస్తూ మెట్ల మీద అడుగుతారు, "బడ్జెట్ ఎంతదాకా అనుకుంటున్నారు?" అని. కుశల ప్రశ్నలా ఉంటుంది గానీ, మీ జవాబు కారెక్కేలోపే కంప్యూటర్లో మీ పేరు పక్కన చేరుతుంది. మీ లెక్కలు కారిపోయే ఇంకో గొట్టం ఏజెన్సీ సొంత మార్ట్‌గేజ్ సలహాదారు. "ఆఫరు ముందుకు పంపాలంటే మా అడ్వైజరుతో ఒక పది నిమిషాలు మాట్లాడండి, మీ అర్హత చూసుకోవాలి" అంటారు. మీకు డబ్బు సర్దుబాటు అవుతుందో లేదో చూసుకోవడం న్యాయమే, ఓనరు కోసం అది వాళ్ళ పని కూడా. కానీ వాళ్ళ అడ్వైజరుతోనే మాట్లాడాలన్నది షరతు కాకూడదు. ఆ పది నిమిషాల్లో మీ ఇద్దరి జీతాలు, పొదుపు, గరిష్ఠంగా ఎంత లోను వస్తుందో అన్నీ చెప్పేస్తారు, ఆ కుర్చీకీ బేరం కుర్చీకీ మధ్య గోడ ఎంత మందమో మీకు తెలియదు. మర్యాదగా తప్పుకునే దారి ఒకటే. మీ బ్యాంకు లేదా మీ బ్రోకరు ఇచ్చిన అగ్రిమెంట్ ఇన్ ప్రిన్సిపుల్ కాగితం, అంటే ఇంత లోను ఇవ్వగలమని ముందుగా రాసిచ్చేది, జత చేయండి. దాని మీద మీ గరిష్ఠ అర్హత కాకుండా, పెడుతున్న ఆఫరుకు సరిపడా లోను అంకె మాత్రమే ఉండేలా కొత్తగా తీసుకోండి. 3,90,000 ఆఫరుతో పాటు 4,60,000కు అర్హుడినని కాగితం పంపితే, మీ పాట మీరే పెంచుకున్నట్టు. డిపాజిట్ రుజువు కూడా అంతే, కావలసిన మొత్తం కనబడే ఒక్క ఖాతా చాలు. ఆఫరు ఒప్పుకున్నాక అడిగే గుర్తింపు పత్రాలు వేరే సంగతి, 2017 నాటి మనీ లాండరింగ్ నిబంధనల కింద అవి ఇవ్వాల్సిందే.

పై అంకె ముందే కట్టుకోవాలి

పాట మధ్యలో అంకె వెతుక్కునేవాడు ఎప్పుడూ ఎక్కువే ఇస్తాడు. ఇంగ్లండు, వేల్సుల్లో 1995 నుంచి అమ్ముడైన ఇళ్ళ అసలు ధరలు ల్యాండ్ రిజిస్ట్రీ దగ్గర ఉచితంగా చూడొచ్చు. ప్రతి ఇంటికీ ఉండే ఎనర్జీ సర్టిఫికెట్‌లో ఆ ఇంటి విస్తీర్ణం చదరపు మీటర్లలో ఉంటుంది, అదీ ఉచితమే. రెండూ కలిపితే ఏజెంటు బ్రోచరు అక్కర్లేని లెక్క వస్తుంది. ఉదాహరణకు అదే వీధిలో, అదే తరహా ఇళ్ళు మూడు గడిచిన ఏడాదిలో చ.మీ.కు 4,500, 4,700, 4,850 పౌండ్ల చొప్పున పోయాయనుకోండి. సగటు సుమారు 4,680. మీరు చూస్తున్నది 84 చ.మీ. అయితే 3,93,000 దగ్గర తేలుతుంది. ఇళ్ళ ప్రకటనలుండే పోర్టల్లో రాసిన 'గైడ్ ప్రైస్' 3,75,000 అయినా, 'ఆఫర్స్ ఓవర్' 4,10,000 అయినా ఆ రెండూ ప్రకటనలే. తక్కువ గైడ్ పెట్టి, ఒకే శనివారం పావుగంటకొకరిని రప్పించి, మెట్ల మీద ఒకరి భుజం ఒకరికి తగిలేలా చేయడం పాత చిట్కా. ఈ లెక్కలో జారిపడే చోట్లూ ఉన్నాయి. సర్టిఫికెట్ పదేళ్ళు చెల్లుతుంది, కాబట్టి మధ్యలో వేసిన గదులు దాన్లో ఉండకపోవచ్చు. ల్యాండ్ రిజిస్ట్రీకి అమ్మకాలు ఎక్కడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడతాయి, అందుకే నిన్నటి మార్కెట్ అందులో కనబడదు.

ఆ లెక్క ఇంటి విలువకు. మీ జేబుకు ఇంకో లెక్క ఉంది, అసలు దెబ్బ అక్కడే తగులుతుంది. ఊపులో 4,20,000 పాడారు, పది శాతం డిపాజిట్ 42,000, లోను 3,78,000. బ్యాంకు పంపిన వాల్యుయర్ వచ్చి ఇంటికి 4,00,000 విలువే కట్టాడు. బ్యాంకు 90 శాతమే ఇస్తానంది, అంటే 3,60,000. ఇప్పుడు మీ చేతిలోంచి పెట్టాల్సింది 42,000 కాదు, 60,000. కనబడని పోటీదారుతో పోటీ పడి పెంచిన 20,000లో 18,000 రొక్కంగా మీ నెత్తిన పడింది. ఏజెంటు ఇదేం చెప్పడు, చెప్పే బాధ్యతా లేదు.

స్టాంప్ డ్యూటీ కూడా పాటలోనే కలిసి ఉంటుంది. ఇంగ్లండులో 2025 ఏప్రిల్ నుంచి మొదటిసారి ఇల్లు కొనేవాళ్ళకు 3,00,000 దాకా సున్నా, అక్కణ్ణుంచి 5,00,000 దాకా 5 శాతం. ధర 5,00,000 దాటిందా, రాయితీ మొత్తం ఎగిరిపోతుంది. 5,00,000కు 10,000 కట్టేవాళ్ళు 5,01,000కు 15,050 కట్టాలి. "ఒక్క వెయ్యి పెంచితే మీదే" అన్న మాటకు అక్కడ అసలు ధర 6,050 పౌండ్లు.

మనవాళ్ళు బోల్తా పడేది ఇంకో చోట. మొదటిసారి కొనేవాళ్ళంటే ఇంగ్లండులో మొదటిసారి కాదు, ప్రపంచంలో ఎక్కడైనా మొదటిసారి. ఊళ్ళో ఎప్పుడో ఫ్లాటు కొని అమ్మేసినా ఆ రాయితీ లేదు. ఆ ఫ్లాటు ఇంకా మీ పేరునో, మీ భార్య లేదా భర్త పేరునో ఉండి, విలువ 40,000 పౌండ్లకు తగ్గకుండా ఉంటే, ఇక్కడ కొనేది అదనపు ఇల్లు కిందికి వస్తుంది. 2024 అక్టోబరు 31 నుంచి దానికి మొత్తం ధర మీద 5 శాతం సర్‌చార్జి. అదే 4,20,000 ఇంటికి మొదటిసారి కొనేవాళ్ళు కట్టేది 6,000, ఒకప్పుడు ఇల్లుండి అమ్ముకున్నవాళ్ళు కట్టేది 11,000, ఊళ్ళో ఫ్లాటు ఉంచుకుని ఇక్కడ అద్దె ఇంట్లోంచి కొనేవాళ్ళు కట్టేది 32,000. ఖాళీ స్థలం లెక్కలోకి రాదు. వారసత్వంగా వచ్చిన వాటాలకు వేరే పట్టింపులున్నాయి, వాటి సంగతి ఆఫరు పెట్టకముందే సొలిసిటరుతో, అంటే ఆస్తి కాగితాలు చూసే లాయరుతో, తేల్చుకోవాలి. ఇల్లు ఖాయమయ్యాక ఈ 26,000 తేడా తెలిసి వెనక్కి తగ్గేవాళ్ళున్నారు. అప్పుడు ఏజెంట్లు తిట్టుకునేది మనల్నే, అందులో వాళ్ళ తప్పేం లేదు.

మూసిన కవరు

ముగ్గురు నలుగురు పోటీలో ఉంటే ఏజెంటు 'బెస్ట్ అండ్ ఫైనల్' అంటాడు. శుక్రవారం పన్నెండు లోపు అందరూ ఒక్కో అంకె పంపాలి. పేరు గంభీరంగా ఉంటుంది గానీ దీనికి వేలంపాట కట్టుబాట్లు ఒక్కటీ లేవు. ఓనరు పెద్ద అంకెనే ఎంచుకోవాలని లేదు, ఎవర్నీ ఎంచుకోకపోవచ్చు, మీరూ తర్వాత వెనక్కి తగ్గొచ్చు. గడువు దాటాక ఇంకొకరు ఎక్కువ పంపితే, దాన్నీ ఏజెంటు ఓనరుకు అందించాల్సిందే, చట్టమే అలా చెబుతోంది. "అందరికన్నా ఎక్కువ ఎవరు పెడితే వాళ్ళ మీద వెయ్యి" అని రాయాలన్న తెలివి చాలామందికి పుడుతుంది. అలాంటి పాట మూసిన కవర్ల పోటీలో చెల్లదని 1980ల్లోనే హౌస్ ఆఫ్ లార్డ్స్ ఒక షేర్ల అమ్మకం కేసులో తేల్చేసింది. ఇళ్ళ ఏజెంట్లు కూడా దాన్ని పక్కన పడేస్తారు.

కవరులో పెట్టాల్సింది ముందే కట్టుకున్న పై అంకె, కాస్త బేసిగా. 4,00,000 అని నలుగురు రాస్తారు, 4,01,350 రాసినవాడు ఆ నలుగురినీ దాటుతాడు. పక్కనే ఖాయం బేరం గుర్తులన్నీ ఉండాలి. చైన్ లేదు, లోను కాగితం జత చేశాం, డిపాజిట్ రుజువు ఇదిగో, సొలిసిటరు పేరు ఇది, ఆఫరు ఒప్పుకున్న పది రోజుల్లో సర్వే (ఇంటి పరిస్థితి తనిఖీ) చేయిస్తాం, ఫలానా తేదీకల్లా ఎక్స్‌ఛేంజ్‌కు సిద్ధం. ఆఖరి వరుసలో గడువు. "ఈ ఆఫరు మంగళవారం సాయంత్రం ఐదింటిదాకా" అని రాయకపోతే, మీ అంకెను పట్టుకుని ఇంకో వారం మిగతావాళ్ళను పెంచుతూ పోవచ్చు. ఇంటి గురించి భావుకంగా రాసే ఉత్తరాల మీద నాకు నమ్మకం లేదు. వాటిలో మీ ఆత్రం బయటపడటం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

ఇంకో సంగతి, 'మోడరన్ మెథడ్ ఆఫ్ ఆక్షన్' అన్న మాట ప్రకటనలో కనబడితే అది వేరే జంతువు. గెలిచిన వెంటనే కొనేవాళ్ళే రిజర్వేషన్ ఫీజు కట్టాలి, వేల పౌండ్లలో ఉంటుంది, మీరు వెనక్కి తగ్గితే తిరిగి రాదు, తరచుగా ఇంటి ధరలో భాగం కూడా కాదు. ఎక్స్‌ఛేంజ్‌కు 28 రోజులు, ఆపైన ముగించడానికి 28 రోజులు గడువు. లీగల్ ప్యాక్, అంటే ఇంటి దస్తావేజుల కట్ట, సొలిసిటరుకు చూపించకుండా అందులో చెయ్యెత్తడం తెలివైన పని కాదు.

ఒప్పుకున్నాక

ఆఫరు ఒప్పుకున్నారని మెయిల్ వచ్చిన రోజే చేయాల్సిన పని ఒకటుంది, మిఠాయి పంచడం కాదు. ఇంటిని మార్కెట్ నుంచి తీసేయమని అడుగుతారు అందరూ. పోర్టల్లో 'సోల్డ్' అని పట్టీ వేస్తారు, మనం నిశ్చింతగా ఉంటాం. పట్టీ వేసినా కొత్త ఆఫరు వస్తే ఏజెంటు ఓనరుకు చెప్పాల్సిందే. అది ఆగేది ఒక్క పరిస్థితిలోనే, ఇలాంటి ఆఫర్లు నాకు చెప్పొద్దని ఓనరు రాతపూర్వకంగా ఏజెంటుకు చెప్పినప్పుడు. కాబట్టి అడగాల్సింది అదే. మీ ఆఫరుకు షరతుగా, ఇకపై వచ్చే ఆఫర్లు అందించొద్దని ఓనరు రాసివ్వాలని కోరండి. ఒప్పుకుంటే ఓనరు మనసు తెలిసినట్టే. నీళ్ళు నమిలితే అదీ తెలిసినట్టే.

ఇంకాస్త గట్టిది లాకౌట్ ఒప్పందం. ఇన్ని రోజులు ఇంకెవరితోనూ బేరమాడనని అమ్మేవాళ్ళు, ఆ గడువులో ఎక్స్‌ఛేంజ్ చేస్తామని కొనేవాళ్ళు రాసుకునేది. రెండు వారాల గడువుతో రాసుకున్న అలాంటి ఒప్పందం చెల్లుతుందని 1993లో అప్పీలు కోర్టు తీర్పిచ్చింది. ఆ కేసులో అమ్మేవాళ్ళు మాట తప్పి వేరేవాళ్ళకు అమ్మేశారు, నష్టపరిహారానికి బాధ్యులయ్యారు. సొలిసిటర్లు దీన్ని పెద్దగా ఇష్టపడరు, ఫీజు తక్కువ, తలనొప్పి ఎక్కువ. సర్వేకూ, సెర్చ్‌లకూ (ఇంటి మీద రికార్డుల తనిఖీలకూ) డబ్బు పోసే ముందు అడగడం మాత్రం మీ హక్కు.

ఈ పాట్లన్నీ పడాల్సిన అవసరం లేని దేశాలున్నాయి. స్కాట్లండులో 2008 డిసెంబరు నుంచి అమ్మేవాళ్ళే సర్వేతో కూడిన హోమ్ రిపోర్టు ముందుగా ఇవ్వాలి. ఆఫర్లు సొలిసిటరు ద్వారా వెళ్తాయి, ఒకసారి ఒప్పుకున్నాక ఎక్కువ వచ్చిందని ఓనరు అటు దూకితే, ఓనరు సొలిసిటరు ఆ పని నుంచి తప్పుకోవాలని వాళ్ళ లా సొసైటీ నియమం. అక్కడా కవరు మూసే ఉంటుంది, కాబట్టి చీకటి పూర్తిగా పోలేదు. నార్వేలో అదీ లేదు. ఆఫరు రాతలో ఉండాలి, పెట్టినవాళ్ళు దానికి కట్టుబడాలి, పాట ముగిశాక ఎవరు ఎప్పుడెంత పెట్టారన్న చిట్టా కొన్నవాళ్ళ చేతికొస్తుంది. ఓడినవాళ్ళు అడిగినా పేర్లు తీసేసిన ప్రతి ఇస్తారు. లేని బేరగాడు ఆ చిట్టాలో కూర్చోలేడు.

ఇంగ్లండులోనూ ప్రయత్నాలు జరగకపోలేదు. అమ్మేవాళ్ళే సమాచారం ముందు ఇవ్వాలని 2007లో హోమ్ ఇన్ఫర్మేషన్ ప్యాక్ తెచ్చారు, 2010 మేలో ఆపేశారు. ఏజెంట్లకు లైసెన్సు, చదువు ఉండాలని ప్రభుత్వం వేసిన లార్డ్ బెస్ట్ కమిటీ 2019లో చెప్పింది, ఆ కాగితం అలాగే ఉంది. 2025 అక్టోబరులో ప్రభుత్వం మళ్ళీ ముందస్తు సమాచారం, కట్టుబడే ఒప్పందాలు, ఏజెంట్ల అర్హతల మీద అభిప్రాయాలు అడిగింది. అన్నీ మంచివే. నన్నడిగితే వీటన్నిటికన్నా ముందు రావాల్సింది, ఖర్చే లేనిది, ఆ చిట్టా. ఏజెంట్లు ఎలాగూ రాసుకుంటున్నారు. పేర్లు కొట్టేసి పాడినవాళ్ళందరికీ పంపడానికి ఒక్క మెయిల్ చాలు. దానివల్ల ఓనరు బేరం దెబ్బతింటుందంటారు. నిజంగా పోటీ ఉన్న ఇంటికి చిట్టా ధర పెంచుతుందే తప్ప తగ్గించదు. ధర తగ్గేది పోటీ లేకపోయినా ఉన్నట్టు నటించిన ఇళ్ళకే.

అంతవరకూ మీకున్న దారులు మీకున్నాయి. డేటా రక్షణ చట్టం కింద మీ గురించి ఏజెన్సీ రాసుకున్నదంతా ఇమ్మని ఉచితంగా అడగొచ్చు, సాధారణంగా నెలలోపు ఇవ్వాలి. మీ మెట్ల మీద జవాబు, మీ ఆఫరు ఓనరుకు చేరిన తేదీ అందులో ఉండాలి. మిగతావాళ్ళ వివరాలు చెరిపేసి ఇస్తారు. ఫిర్యాదు ముందు ఏజెన్సీకే రాతపూర్వకంగా, ఎనిమిది వారాలు ఆగాక లేదా వాళ్ళ ఆఖరి జవాబు వచ్చిన పన్నెండు నెలల్లోపు అంబుడ్స్‌మన్‌కు. ప్రాపర్టీ అంబుడ్స్‌మన్ 25,000 పౌండ్ల దాకా ఇప్పించగలరు, ఇల్లు మాత్రం ఇప్పించలేరు.

ఓడిపోయాక తలుపు విసిరి వెళ్ళకండి. "మా ఆఫరు ఫలానా అంకెకు నెలాఖరు దాకా ఉంది, మొదటి బేరం జారితే చెప్పండి" అని రెండు వరుసలు పంపి ఇంకో ఇల్లు చూసుకోండి. సర్వేలోనో, చైన్‌లోనో చెడిన బేరాలు ఆ మెయిల్ వెతుక్కుంటూ వస్తాయి. అలా రాకపోతే, ఐదారు నెలల తర్వాత ల్యాండ్ రిజిస్ట్రీలో ఆ ఇంటి చిరునామా కొట్టి చూడండి. పాట ఎంత దగ్గర ఆగిందో అప్పుడే బయటపడుతుంది. అక్కడున్న అంకె మీరు రాసిన అంకె కన్నా తక్కువైతే కారణాలు రెండు మూడు ఉండొచ్చు, సర్వే తర్వాత ధర తగ్గించి ఉండొచ్చు, రొక్కం పెట్టినవాళ్ళను ఎంచుకుని ఉండొచ్చు. ఆ రెండూ కావని ఏజెంటు రాసిస్తే, మీ ఆఫరు ఓనరుకు ఏ తేదీన, ఏ రూపంలో అందించారో అడగండి.